ఏడాకుల గులాబీ

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను బాపట్లలో పదో తరగతి పిల్లలకి అంటు కట్టడం ఎలాగో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. కింద ఉండే మొక్క స్టాకు, పైన కట్టేది సయాన్. స్టాకు బలం ఇస్తుంది, సయాన్ పువ్వు ఇస్తుంది. ఐదు మార్కుల ప్రశ్న, ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, వదలొద్దు. ఇలా చెప్పీ చెప్పీ రిటైరైన మనిషిని, మా పెరట్లో సయాన్ చచ్చిపోయి స్టాకు రాజ్యం చేస్తుంటే, నెలల తరబడి దానికి నీళ్ళు పోసి, పేడ వేసి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను. ఐదింటికి నాకెన్ని వేస్తారో మీ ఇష్టం.

తెలివితక్కువతనం ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. అలవాటైన పనే. కానీ ఆ మొక్క నాది కాదు, మా ఆవిడది. అప్పటికి ఆవిడ లేదు.

మాది తెనాలి. ఆవిడ పుట్టిల్లు రేపల్లె. నా ఉద్యోగం బాపట్ల. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. మధ్యలో ఇల్లంతా ఆవిడదే, పెరడుతో సహా. రేపల్లెలో వాళ్ళ నాన్నగారి ఇంట్లో ఒక ఎర్ర గులాబీ ఉండేది. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, మొగ్గలో నలుపు కలిసిన ఎరుపు. పొడుగాటి కాడ, కాడకి ఒకే పువ్వు. దాన్ని హైబ్రిడ్ టీ అంటారని మా బావగారు, అంటే ఆవిడ అన్నగారు, పెళ్ళైన కొత్తలో నాకు చెప్పారు. టీలో వేసుకుంటారా అని అడిగాను. ఆ మాట ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

నాన్నగారు పోయి ఇల్లు బావగారికి వచ్చినప్పుడు మా ఆవిడ ఏమీ అడగలేదు. ఒక్క కొమ్మ కోసుకుని, తడిగుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని రేపల్లె ప్యాసింజర్లో తెనాలి తెచ్చుకుంది. పెరట్లో ముందే ఒక నాటు గులాబీ పెంచి పెట్టుకుంది, తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూసే ముళ్ళ మొక్క. గడ్డం గీసుకునే బ్లేడుతో దాని బెరడు చీల్చి, ఎర్ర గులాబీ కన్ను, అంటే ఆకు మొదట్లో ఉండే చిగురు బొడిపె, ఒకటి అందులో దోపి, ప్లాస్టిక్ పట్టీతో కట్టింది. నేను వరండాలో పేపరు చదువుకుంటూ చూశాను. నేను బోర్డు మీద కట్టేవాణ్ణి, ఆవిడ మొక్కకే కట్టింది. నా బ్లేడు మొండిబారినందుకు కాస్త విసుక్కున్నట్టు కూడా గుర్తు.

ఆ మొక్క పద్నాలుగేళ్ళు పూసింది. వాడేసిన టీపొడి కడిగి దాని మొదట్లో వేసేది. గుడ్డు పెంకులు నలిపి వేసేది. చేపలు కడిగిన నీళ్ళు పోసేది, ఆ రోజు పక్కింటి పిన్నిగారు కిటికీ మూసుకునేవారు. వాళ్ళది అర్చకుల కుటుంబం. చేపనీళ్ళు నచ్చకపోయినా, ఆ నీళ్ళు తాగిన పువ్వు వాళ్ళ దేవుడి పటానికి వెళ్ళేది. ఆదివారం ఎండెక్కకముందే మా ఆవిడ పూలు కోసేది. ఒకటి జడలోకి, ఒకటి మా గుడిలో, అంటే చర్చిలో, బల్ల మీద గాజు గ్లాసులోకి, మూడోది ఉంటే పిన్నిగారికి. రెండే ఉంటే జడ ఖాళీ.

ఒక పని మాత్రం వారం వారం చేసేది. మొక్క మొదట్లో, అంటు కట్టిన ముడి కింద నుంచి వచ్చే పిలకల్ని గిల్లేసేది.

"ఐదాకులది మనది, ఏడాకులది దానిదండి," అనేది. "ఈనెకి ఏడాకులు కనపడ్డాయా, గిల్లెయ్యడమే. వదిలేస్తే పైదాన్ని చంపేస్తుంది."

"ఊఁ," అనేవాణ్ణి పేపర్లోంచి.

"ఏమన్నాను?"

"ఐదు, ఏడు."

"దేనిది ఐదు?"

పేజీ తిప్పేవాణ్ణి.

నేను రిటైరైన మరుసటి ఎండాకాలం ఆవిడకి పొట్ట కొంచెం ముందుకొచ్చింది. సన్నటి మనిషి. "ఇన్నాళ్ళకి ఒళ్ళు చేశావు, నేను ఇంట్లో ఉండటం నీకు పడినట్టుంది," అన్నాను. నవ్వింది. జాకెట్లు బిగుతయ్యాయని కుట్లు విప్పుకుంది. తిండి సయించట్లేదంటే ఎండలన్నాను. మూడు నెలలు నేను సంతోషించాను, అది దాచుకోను. గుంటూరులో డాక్టరుగారు అది ఒళ్ళు కాదు నీరు అన్నారు, ఆ నీటికి కారణం అండాశయంలో ఉందన్నారు. "కాస్త ముందు తీసుకురావాల్సిందండి," అని మెల్లగా అన్నారు. ఆయన మంచివాడు. గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది.

అక్కణ్ణుంచి ఏడాది. ఇంట్లో అంట్లు నా వంతుకి వచ్చాయి, అంటు మాత్రం చివరిదాకా ఆవిడ చూపులోనే ఉంది. మంచం పెరటి కిటికీ పక్కకి జరిపించుకుంది. లేవలేకపోయినా వేలు చూపించేది. "అదిగో, ఎడం పక్క, కింద." నేను పోయి గిల్లేవాణ్ణి. ఏది గిల్లమంటే అది గిల్లాను, ఎందుకో అడగలేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడు పాఠం వినడానికి పనికిరాడు.

ఒక సాయంత్రం పిలిచింది.

"ఏమండి, ఈస్టరుకి సమాధుల మీద అందరూ బంతిపూలు పోస్తారు. నాకు వద్దు."

"ఇప్పుడెందుకే ఆ మాటలు."

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెప్తాను? ప్లాస్టిక్ దండలు అసలొద్దు. ఎండకి రంగు పోయి పైయేటిదాకా అక్కడే పడుంటాయి. మన చెట్టుది ఒక్క పువ్వు చాలు. ఒక్కటే. మీరు మర్చిపోతారు."

"మర్చిపోను."

"నిన్న పాలు తెమ్మంటే పేపరు తెచ్చారు."

"పువ్వు మర్చిపోనే."

"చూద్దాం," అంది. చూడ్డానికి ఉండనని ఇద్దరికీ తెలుసు. ఆ వానాకాలంలోనే పోయింది.

దసరా సెలవుల్లో గులాబీలు కత్తిరించాలి. ఆవిడ ఏటా అదే చేసేది, నిర్దాక్షిణ్యంగా మోకాలెత్తుకి తెచ్చేది. నేను కత్తెర పట్టుకుని మొక్క దగ్గర నిలబడ్డాను. అన్నీ ఆవిడ చేతులు తగిలిన కొమ్మలే. ఏది కొయ్యను? కత్తెర తీసుకెళ్ళి మళ్ళీ మేకుకి తగిలించాను.

ఆ తర్వాత వారమే మొదట్లోంచి ఒక పిలక లేచింది. లేత పచ్చ, బొటనవేలంత లావు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో కొత్తగా పుట్టింది అదొక్కటే. దాన్ని గిల్లడానికి చెయ్యి రాలేదు. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. ఆకులు లెక్కపెట్టలేదా అని మీరడగొచ్చు. పెట్టాను. ఏడు. ఐదు కంటే ఏడు ఎక్కువ కదా, మొక్క బాగా తింటోందనుకున్నాను. ఏడు అనే మాటకి మన భాషలో మూడు పనులున్నాయి. అంకెగా ఒకటి, సంవత్సరంగా ఒకటి, ఆజ్ఞగా ఒకటి. ఆ ఏడు ఆ మూడో పని నేను రాత్రీ పగలూ చేశాను కాబట్టి, కళ్ళు సరిగా కనపడలేదని ఒక సాకు చెప్పుకుంటాను. నమ్మాల్సిన పనిలేదు.

క్రిస్మస్ నాటికి పిలకలు నా భుజం దాటాయి. పిన్నిగారు గోడ మీంచి చూసి, "ఎంత ఏపుగా ఉంది మాస్టారూ, మీ ఆవిడ చెయ్యి మీకొచ్చింది," అన్నారు. ఆ మాటకి నేను రెండు రోజులు అన్నం సరిగా తిన్నాను. అదే సమయంలో పైన పాత కొమ్మలు చివర్ల నుంచి నల్లబడుతూ కిందికి వస్తున్నాయి. ముసలి కొమ్మలు కదా, ఎండుతాయి, అనుకున్నాను. మార్చిలో పిలకలు పూశాయి. తెల్లటి చిన్న పూలు, గుత్తులు గుత్తులు. కొత్త కొమ్మ, రంగు మెల్లగా పడుతుందిలే అనుకుని ఇంకో తట్ట పేడ వేశాను. రంగు పడలేదు. ఈస్టరు మాత్రం వచ్చింది.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్ళడం మా వాళ్ళలో ఆనవాయితీ. ముందు రోజే సున్నాలు వేయించి ఉంచుతారు. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు, బంతిపూల రెక్కలు, పునరుత్థానం పాటలు. నేను టిఫిన్ డబ్బాలో తడిదూది వేసి ఒక తెల్లగుత్తి తీసుకెళ్ళాను. మూత తీసేసరికి రెక్కలన్నీ డబ్బాలో ఉన్నాయి, చేతిలోకి బొడిపెలు వచ్చాయి. వాటినే తలవైపు పెట్టాను. మన చెట్టువే కదా అని మనసులో చెప్పుకున్నాను.

బావగారు రేపల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చారు. అరిటాకులో చుట్టిన మూడు ఎర్ర గులాబీలు తెచ్చారు. నాన్నగారి చెట్టువి. కొవ్వొత్తి వెలుగులో అవి నల్లగా మెరిశాయి. ఆయన వంగి నా బొడిపెల్ని చూశారు, రెండు వేళ్ళతో తీసి కాళ్ళవైపు పెట్టారు, తలవైపు తన పూలు పెట్టారు. ఇంటికొచ్చి ఇడ్లీ తిన్నాక పెరట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను, ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకానికి వెళ్ళే పిల్లాడిలా.

ఆయన ఒక ఈనె తెంపి ఆకులు లెక్కపెట్టారు. పొదని చేత్తో విడదీసి, లోపల నల్లటి మోడుని గోటితో గీశారు. పొడిగా, గోధుమరంగులో ఉంది. ముట్టుకుంటే పుటుక్కున విరిగింది.

"ఇది మా చెల్లి మొక్క కాదండి బావగారు. దాని కింద వేరు. పైది పోయి చాలాకాలమైంది."

"పోయిందా?"

"మీరు సైన్సు మాస్టారు కదండి," అన్నారు, మర్యాదగానే.

ఆయన వెళ్ళాక నేను ఆ నల్ల మోడు పట్టుకుని కూర్చున్నాను. పెరుగుతుంటే బాగుందనుకోవడం నాకు రెండోసారి. మొదటిసారి ఆ మాట ఆవిడతోనే అన్నాను, జాకెట్టు కుట్లు విప్పుకుంటుంటే. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ముందు ఆ పొదని వేళ్ళతో సహా తవ్వేద్దామనుకున్నాను. గునపం కూడా తెచ్చాను. కానీ ఆ వేరు ఆవిడ పెట్టిందే. గునపం కూడా మేకు పక్కకి చేరింది. మా ఇంట్లో పనిముట్లకి అంత విశ్రాంతి ఎప్పుడూ లేదు.

బాపట్లలో నా పాత విద్యార్థిని ఒకావిడ సూర్యలంక వెళ్ళే దారిలో మొక్కల తోట నడుపుతోంది. ఆవిడకి ఇప్పుడు మనవరాలు కూడా ఉంది. ఉద్యోగం మానినా రైలు మానలేదని నవ్వుకుంటూ వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఎర్రవి నా దగ్గర బోలెడున్నాయి సార్. కానీ మీక్కావల్సింది అది కాదుగా."

"కాదమ్మా."

"పోయింది రాదు. రేపల్లె చెట్టు బతికే ఉందన్నారుగా, అందులోంచి ఒక్క కన్ను తెచ్చుకోండి. వేరు అమ్మగారు పెట్టిందే, కన్ను అమ్మగారు తెచ్చిన చెట్టుదే. అది అమ్మగారి మొక్క కాకపోతే ఇంకెవరిదవుతుంది? చలికాలంలో కట్టండి. పైయేడు ఈస్టరుకి పువ్వు చూడొచ్చు, దేవుడు చల్లగా చూస్తే."

"నాకు కట్టడం రాదమ్మా," అన్నాను.

ఆవిడ మట్టిచేతులు కొంగుకి తుడుచుకుంది. "మీ దగ్గరే నేర్చుకున్నాను సార్."

ఆ ఎండాకాలమంతా వారానికోసారి బాపట్ల వెళ్ళి, ఇసుకలో పీట వేసుకుని, ఆవిడ ఇచ్చిన నాటు కొమ్మల మీద బ్లేడుతో కుస్తీ పట్టాను. బెరడు మీద ఇంగ్లీషు టి అక్షరంలా గాటు పెట్టాలి, కన్నుని డాలు ఆకారంలో తీయాలి, లోపల తడి ఆరకముందే దోపాలి. బోర్డు మీద ఇదంతా సుద్దముక్కతో అర నిమిషం పని. ఇక్కడ బొటనవేలు రెండుసార్లు తెగింది.

"మీ టి వంకరగా ఉంది సార్," అంది ఒకరోజు. "పదో తరగతిలో నాది వంకరగా ఉందని ఐదుకి మూడు వేశారు."

"ఇప్పుడు నాకెంత?"

"రెండున్నర. రక్తం వచ్చింది కాబట్టి అర కలిపాను."

పని కాస్త చేతికొచ్చింది. ఇక కన్ను కావాలి. బావగారికి ఫోను చేశాను.

"ఎండల్లో కొమ్మ కోస్తే చెట్టు నల్లబడుతుందండి. వానలు పడనివ్వండి," అన్నారు.

వానలు పడ్డాక చేశాను. "వానల్లో కోసిన చోట బూజు పడుతుందండి. చలి రానివ్వండి."

చలి మొదలయ్యాక, ఫోనులో కాదని రేపల్లె వెళ్ళి అడిగాను. ఆయన గులాబీ దగ్గరే ఉన్నారు, పురుగుమందు కొడుతూ. నా వైపు తిరగలేదు.

"చూడండి బావగారు, మీరేమీ అనుకోవద్దు. మీ చేతిలో పెట్టినవి ఇప్పటికి రెండు పోయాయి. మూడోది పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు."

"అవునండి," అన్నాను. ఆయనకి ఒకర్తే చెల్లెలు. నేను ఆయన స్థానంలో ఉంటే అదే మాట అనుకునేవాణ్ణి, కాకపోతే లోపల అనుకునేవాణ్ణి. రేపల్లె నుంచి తెనాలి దాకా ఆ మాట రైలు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంది. రెండు పోయాయి, రెండు పోయాయి. ఈస్టరుకి నాలుగు నెలలుంది. చేతిలో కన్ను లేదు, ఇంట్లో ఏడాకుల పొద గుబురుగా ఉంది, మా ఆవిడకి నేను ఇచ్చిన మాట ఒకటుంది.

పది రోజులకి కబురొచ్చింది. బావగారు ఉద్యోగ విరమణ చేస్తున్నందుకు ఇంట్లో కృతజ్ఞతా కూడిక, శనివారం పొద్దున, తప్పక రావాలని. ఆయనకి నా మీద కోపం ఉన్నా పిలుపుల్లో లోటు చెయ్యరు. నేను పాటల పుస్తకం సంచిలో ఒక తడి రుమాలు, కొత్త బ్లేడు పెట్టుకుని వెళ్ళాను. వాడతానని కాదు. వాడనని కూడా అనలేను.

షామియానా నిండా జనం. నేను వెనక వరసలో, పెరటి గుమ్మం పక్కన కూర్చున్నాను. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయ్యింది. ఆఖర్న బావగారే లేచి, ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఆయన ప్రార్థన సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. దేశాధినేతలతో మొదలుపెట్టి, వర్షాల మీదుగా, రోగుల మీదుగా, కుటుంబంలో ఒక్కొక్కరినీ పేరుపేరునా ఎత్తి, చిట్టచివరికి భోజనం వండినవాళ్ళ దగ్గర ఆపుతారు. అంతసేపూ ఎవరూ కళ్ళు తెరవరు. ఆయన అసలే తెరవరు.

అందరూ తలలు వంచారు. నేను లేచాను.

పెరట్లో ఎవరూ లేరు. చెట్టు నాకంటే పొడుగ్గా ఉంది. పూసి రాలిన కొమ్మ ఒకటి చూసి, ఆకు మొదట్లో కళ్ళు ఉబ్బి ఉన్నాయో లేదో వేలితో తడిమాను. ఐదు కళ్ళు. ఏటవాలుగా ఒక్క గాటు. ఆకులు తుంచి రుమాల్లో చుడుతుంటే షామియానాలోంచి బావగారి గొంతు వినపడింది.

"తోడుని కోల్పోయి ఒంటరిగా ఉన్న మా బావగారిని ఆదరించు ప్రభువా. ఆయనకి కావల్సింది నీకు తెలుసు ప్రభువా."

చెట్టు వెనక నిలబడే ఆమెన్ అన్నాను. కళ్ళు మూసుకున్నవాళ్ళ మధ్య నుంచి కన్ను తీసుకుని, వర్షాలకి ఎప్పుడో స్తోత్రం చెప్పేసి వంటవాళ్ళ దగ్గరికొచ్చిన ప్రార్థన ముగిసేలోపు, నా కుర్చీలో ఉన్నాను. బిర్యానీ తొందరగా తిన్నాను. బావగారు రెండోసారి వడ్డించమన్నారు. రైలుందండి అన్నాను. ఒక్క సంగతి మాత్రం ఆయనకి చెప్పాలనిపించింది. మీ చెల్లెలు కూడా ఇలాగే తడిగుడ్డలో, ఇదే బండిలో తీసుకెళ్ళిందని. చెప్పలేదు.

ఇంటికి చేరి చొక్కా మార్చకుండా పెరట్లో పీట వేశాను. ఐదు పిలకలు ఎంచుకుని, ఐదు గాట్లు, ఐదు కళ్ళు. రెండు టిలు వంకర. చీకటి పడేలోపు కట్టడం అయ్యింది.

మూడు వారాలు పట్టీ విప్పకూడదు. కట్టిన చోట నల్లబడితే పోయినట్టు, పచ్చగా ఉంటే అంటుకున్నట్టు. పొద్దున లేవగానే పోయి వంగి చూసేవాణ్ణి, గుంటూరులో వార్డు బయట నర్సు మొహం చూసినట్టు. మొదటి వారంలో రెండు నల్లబడ్డాయి. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. ఐదోది మా ఆవిడ కిటికీ వైపు ఉన్నది. పట్టీ విప్పితే పచ్చగా ఉంది.

మేకు మీంచి కత్తెర తీశాను. ఈసారి ఆగలేదు. ఆ కన్నున్న ఒక్క కాడ తప్ప ఏడాకుల పిలకలన్నిటినీ మొదలంటా కోశాను. ఆ కాడని కూడా కన్నుకి జానెడు పైన నరికాను. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుంది. గోడ అవతల పిన్నిగారు, "ఏంటి మాస్టారూ, అంత ఏపుగా ఉన్నదాన్ని," అన్నారు.

"ఏపుగా ఉందనే అండి," అన్నాను.

సంక్రాంతి వెళ్ళిన వారానికి కన్ను చిట్లింది. ఎర్రటి చిగురు. మొదటి ఈనెకి మూడాకులే వచ్చాయి. ఆ రోజు భోజనం మానేశాను. రెండో ఈనెకి ఐదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. ఐదే. బాపట్ల ఫోను చేస్తే ఆవిడ, "సార్, ఇప్పుడు ఐదుకి ఐదు. కానీ మొదటి మొగ్గ గిల్లెయ్యాలి, మొక్క బలపడ్డానికి," అంది.

"గిల్లనమ్మా."

"తెలుసు. అయినా చెప్పడం నా ధర్మం కదండి."

మార్చి ఎండలు ముందే ముదిరాయి. ఒక్కటే మొగ్గ. ఎండ తగలకుండా కర్ర పాతి గొడుగు కట్టాను. మొక్కకి గొడుగు పట్టిన పెద్దమనిషిని చూడ్డానికి వీధిలో ఇద్దరు ముగ్గురు గోడ దగ్గరికి వచ్చారు కూడా. పట్టించుకోలేదు. చేపలు కొనుక్కొచ్చి, కడిగిన నీళ్ళు పోశాను. పిన్నిగారు కిటికీ మూసుకున్నారు. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

ఈస్టరు ముందు రోజు సాయంత్రానికి మొగ్గ సగం విచ్చింది. నల్లెరుపు. రేపల్లె పువ్వంత పెద్దది కాదు, మొదటి పూత కదా, చిన్నది. తెల్లవారుజామున లేచి, ఏటవాలుగా కోసి, ఐదాకుల ఈనె ఒకటి కాడకి ఉంచి, టిఫిన్ డబ్బాలో పట్టకపోతే చేత్తోనే పట్టుకుని వెళ్ళాను. తలవైపు పెట్టాను. "ఒక్కటే," అన్నాను. ఏడవలేదు. ఆ పని అంతకుముందే అయిపోయింది.

తర్వాత బావగారు వచ్చారు, అరిటాకు పొట్లంతో. ఎండలకి ఆయన చెట్టు కూడా నీరసించింది, రెండే పూలు. పొట్లం విప్పబోయి ఆగారు. కొవ్వొత్తి దగ్గరికి వంగి నా పువ్వుని చూశారు. ఈనె పట్టుకుని ఆకులు లెక్కపెట్టారు.

"ఇదెక్కడిదండి?"

"మీ చెల్లెలి మొక్కదండి."

ఆయన లేచి నిలబడ్డారు. కాసేపు పక్క సమాధి వాళ్ళ పాట విన్నాం.

"మా కూడిక రోజున మా చెట్టుకి ఎవరో ఒక కొమ్మ కోసుకుపోయారు," అన్నారు. "ఏటవాలుగా, కన్నుకి పైన, చాలా శుభ్రంగా కోశారు. ఎవడో పని తెలిసినవాడే అనుకున్నాను."

"ఐదు మార్కుల ప్రశ్న కదండి, చాలామందికి వచ్చు," అన్నాను.

ఆయన చేతిలోంచి రెండు పూలూ నేనే అందుకున్నాను. మర్యాదగానే. వంగి కాళ్ళవైపు పెట్టాను.

బావగారు ప్రార్థన చేసుకుందాం అన్నారు. తల వంచాను. దేశాధినేతలయ్యారు, వర్షాలయ్యాయి. రోగుల దగ్గరికి వచ్చేసరికి అనుమానమొచ్చి ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన ప్రార్థన సాగుతూనే ఉంది. కళ్ళు మాత్రం రెండూ తెరుచుకుని, నా చేతుల మీదే ఉన్నాయి.